మూడోసారి అనని పాట

యాకుత్‌పురా,
జూన్ 11, మంగళవారం.

రుక్మాకు,

ఇక్కడ అందరం కులాసా. మీ ఆయన మోకాలి నొప్పి తగ్గిందా? మీ అమ్మాయి సోనీకి ఆసుపత్రిలో ఉద్యోగం పర్మనెంటు అయిందా?

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటనుకుంటావు. మీరు కాజీపేట వెళ్లినప్పటి నుంచీ రాసుకుంటూనే ఉన్నాం కానీ ఈసారి కారణం వేరే. ఫోన్‌లో మాట్లాడితే హాల్లో అందరికీ వినపడుతుంది. మెసేజ్ పెడితే అది మా అమ్మాయి స్రవ్య కంప్యూటర్‌లో కూడా కనపడుతుందని మొన్ననే తెలిసింది. నా విషయాలు ఎవరో బయటికి చేరవేస్తున్నారని అనుమానంగా ఉంది. అందుకే కాగితం.

మా నాన్న స్టూడియో గురించి నీకు చెప్పక్కర్లేదు. పురానాపూల్ దగ్గర ఆ చంద్రికా ఫోటో స్టూడియోలోనే మీ నాన్న మొగులయ్య ఇరవై రెండేళ్లు టచింగ్ పని చేశాడు. గాజు నెగెటివ్ మీద సన్న పెన్సిల్‌తో మచ్చలు సరిచేస్తుంటే మనం చూస్తూ కూర్చునేవాళ్లం. నాన్న పోయాక నా సవతి తమ్ముడు రాఘవ ఆ కొట్టు ఖాళీ చేసి, గాజు పలకలన్నీ జుమ్మెరాత్ బజార్‌లో పాత సామాన్ల కబాడీవాడికి తూకానికి అమ్మేశాడు. నాకు ఒక మాట చెప్పలేదు.

ఇప్పుడవి ఇంటర్నెట్‌లో వేలానికి వచ్చాయి. పెట్టె మీద నాన్న చేతిరాత చూడగానే గుర్తుపట్టాను. పెట్టెకు పన్నెండు పలకలు. రెండు మూడు వారాలకు ఒక పెట్టె పెడుతున్నారు. ఆదివారం సాయంత్రం సరిగ్గా నాలుగింటికి పాట ముగుస్తుంది.

ఆ గాజు పలకలతో నాకేం పనో నీకు తెలుసు. అమ్మ పోయేటప్పటికి నాకు నాలుగేళ్లు. నాన్న రెండో పెళ్లి చేసుకున్నాక ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటి మిగల్లేదు. యాభై రెండేళ్లొచ్చాయి, మా అమ్మ ముఖం నాకు తెలియదు. ఫోటోలు తీసేవాడి భార్య ఒక్క పలక మీదైనా ఉండకపోతుందా?

మొన్న ఆదివారం మొదటి పెట్టె. పెట్టె మీద ‘పెళ్లిళ్లు’ అని ఉంది. పొద్దుటి నుంచి యాభై యాభై పెంచుతూ పోయాను. ఆ సైట్‌లో ఎవరి పేరూ పూర్తిగా కనపడదు, మొదటి అక్షరం, తర్వాత మూడు చుక్కలు. మూడు యాభై తొమ్మిదికి పద్నాలుగు వందల యాభై దగ్గర నాదే పెద్ద పాట. ఇంకా మూడు సెకన్లు ఉందనగా ‘ఆర్’ అని ఎవరో పదిహేను వందలు పాడారు. నేను వేలు ఆనించేలోపు అయిపోయింది.

ఇది న్యాయమా చెప్పు. పందొమ్మిదేళ్లుగా గల్లీలో చీటీ నడుపుతున్నాను. ఒకటోసారి అంటాను, రెండోసారి అంటాను, అందరి ముఖాలూ ఒకసారి చూసి అప్పుడు మూడోసారి అంటాను. మధ్యలో ఎవరు నోరు తెరిచినా మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇన్నేళ్లలో ఒక్కరు కూడా అన్యాయం జరిగిందనలేదు. మూడోసారి అనే మనిషే లేని పాట ఏం పాట?

మా ఆయనకు ఇదంతా తమాషా.

‘‘నాలుగింటికి బండి కదుల్తదని అందరికి ఎరికే గదనే. మూడు యాభై తొమ్మిదికి ఉరికొచ్చి ఎక్కినోడు దొంగెట్లయితడు?’’ అన్నారు.

‘‘ఎక్కినోడు కాదు, నేను కూసున్న సీట్ల దస్తీ ఏసినోడు’’ అన్నాను.

‘‘ఆఫీసుల నలభై ఏండ్లు టెండర్లు చూసిన. ఆఖరి నిమిషానికి కవరు ఏసేటోడే తెలివిగల్లోడు’’ అని చాయ్ అడిగారు. ఇవ్వలేదు.

నా పాటకు సరిగ్గా యాభై రూపాయలే ఎక్కువ. నా అంకె తెలిసినవాడే అలా పాడగలడు. ‘ఆర్’ అంటే నాకు ఒక్కడే కనపడుతున్నాడు, రాఘవ. నీకేమైనా తోస్తే రాయి. చదివాక చించెయ్యి.

సూర్యప్రభ


కాజీపేట, రైల్వే క్వార్టర్స్,
జూన్ 20.

సూర్యమ్మా,

ఉత్తరం అందింది. ఎల్లేష్ మోకాలు అలాగే ఉంది, మెట్లెక్కితే అరుస్తాడు. సోనీ పర్మనెంటు కాగితాలు ఇంకా రాలేదు.

రాఘవ మీద తొందరపడకు. ‘ఆర్’ అక్షరంతో లోకంలో ఎంతమంది లేరు?

స్టూడియో మాట చదివాక రెండు రోజులు అదే తలపు. కిటికీ దగ్గర మా నాన్న వాలు బల్ల, నెగెటివ్ వెనక చిన్న అద్దం, పెన్సిల్ మొన సూదిలాగా చేయడానికి గరుకు కాగితం. ఆ పనిలోనే ఆయన కళ్లు పోయాయి.

ఒక్క మాట అడుగుతాను. ఆఖరి క్షణంలో లాక్కున్నారని అంటున్నావు. అసలు ఆ పెట్టెకు నువ్వు ఎంతదాకా పోదామనుకున్నావు? పద్నాలుగు వందల యాభైకే ఆగేదానివా?

ఆరోగ్యం జాగ్రత్త.

రుక్మ


యాకుత్‌పురా,
జూలై 2.

రుక్మాకు,

రెండో పెట్టె కూడా పోయింది. ‘బడి గ్రూపులు’ అని రాసి ఉంది దాని మీద. రెండు వేల నూట యాభై దగ్గర నేను, ఆఖరి సెకన్లలో రెండు వేల రెండు వందలకు అదే ‘ఆర్’. మళ్లీ సరిగ్గా యాభై.

ఊరుకోలేక రాఘవ ఇంటికి వెళ్లాను. తలుపు తీసి నా ముఖం చూడగానే నవ్వాడు.

‘‘ఏందక్కా, దారి తప్పినవా?’’

‘‘ఇంటర్నెట్‌ల నాన్న పెట్టెలు ఎవరు పాడుతున్నరు రాఘవా?’’

‘‘గా పాత అద్దాలా? నేనే కిలో లెక్కన అమ్మిన. మల్ల నేనే పైసలు పెట్టి కొంటనా? నాకేమన్న పిచ్చి లేసిందా?’’

‘‘అప్పుడు విలువ తెల్వదు, ఇప్పుడు తెల్సింది.’’

‘‘ఏం విలువనో ఏమో. చాయ్ తాగు. నిమ్మళంగ తాగు, ఇషం ఏం కలపలె. చిన్నప్పుడు మా అమ్మ చేతి చాయ్ గూడ వాసన సూసి తాగేదానివి.’’

అతని భార్య లోపలి నుంచి నవ్వింది. చాయ్ తాగకుండా వచ్చేశాను. వాడి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. నేనున్నంతసేపూ తిప్పలేదు. అది కూడా గుర్తు పెట్టుకున్నాను.

స్రవ్య మీద కూడా ఒక కన్ను వేశాను. నా అకౌంటు తెరిచింది అదే, నా పాస్‌వర్డ్ దానికి తెలుసు. కన్నబిడ్డ గురించి ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు. మూడో పెట్టె ఈ నెల ఇరవై ఒకటిన ముగుస్తుంది. దానికి మూడు వేల మూడు వందల దాకా పోతాను. అంతకు మించి ఒక్క రూపాయి కూడా వేయను. ఈ అంకె నీకొక్కదానికే చెబుతున్నాను, ఇంట్లో కూడా తెలియదు.

సూర్యప్రభ


కాజీపేట,
జూలై 10.

సూర్యమ్మా,

అంకెలు ఉత్తరాల్లో రాయకు. ఎవరికీ చెప్పకు, నాకు కూడా. నాకెందుకు చెప్పావని ఉత్తరం చదివిన దగ్గర నుంచీ బాధగా ఉంది.

స్రవ్యను అనుమానించకు. ఆ పిల్ల నీకు అకౌంటు తెరిచిచ్చింది, అంతే కదా.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఇంతకన్నా రాయలేను.

రుక్మ


యాకుత్‌పురా,
జూలై 23.

రుక్మాబాయికి,

నేను చేసిన పని చెబుతాను, చదువు.

మూడో పెట్టెకు నా హద్దు ఎంతో ముగ్గురికి మూడు అంకెలు చెప్పాను. రాఘవకు ఫోన్ చేసి రెండు వేల ఐదు వందలన్నాను. స్రవ్య వినేలా మా ఆయనతో నాలుగు వేలన్నాను. నీకు మూడు వేల మూడు వందలని రాశాను. ఆదివారం నీకు రాసిన అంకె వేసి కూర్చున్నాను. నాలుగింటికి రెండు సెకన్లు ఉండగా ‘ఆర్’ పాడింది. పెట్టె ఎంతకు పోయిందో తెలుసా? మూడు వేల మూడు వందల యాభై.

రాఘవ అయితే రెండు వేల ఐదు వందల యాభై దగ్గర ఆగేవాడు. స్రవ్య నుంచి వెళ్లి ఉంటే నాలుగు వేల యాభై పాడేవాళ్లు. మూడు వేల మూడు వందలు తెలిసినదానివి నువ్వొక్కదానివే. రుక్మాబాయి పేరు కూడా ‘ఆర్’తోనే మొదలవుతుందని నాకు ముందే ఎందుకు తోచలేదో. తోచలేదని కాదు, తోచనివ్వలేదు.

జూన్‌లో నువ్వు రాసిన ఉత్తరం మళ్లీ తీశాను. ‘నువ్వు ఎంతదాకా పోదామనుకున్నావు’ అని అడిగావు. నన్నే అడిగి, నా అంకె మీదే పాడావు.

అమ్మ ముఖం కోసం వెతుకుతున్నానని తెలిసి కూడా చేశావు. నాకు జవాబు కావాలి. ‘వానలు మొదలయ్యాయి’ లాంటిది వద్దు.

సూర్యప్రభ


కాజీపేట,
ఆగస్టు 1.

సూర్యమ్మా,

ఆ ‘ఆర్’ నేనే. మూడు పెట్టెలూ నా మంచం కింద ఉన్నాయి.

ముందు నీ లెక్కలో తప్పు చెబుతాను. నీ అంకె తెలుసుకుని దాని మీద యాభై వేశానన్నావు. నేను యాభై యాభై వేయలేదు. ఆ సైట్‌లో నా పూర్తి అంకె ఒక్కసారే రాశాను, మూడో పెట్టెకు ఐదు వేలు. అందులో ఎంత తీసుకోవాలో మిషనే చూసుకుంటుంది. అవతలివాళ్ల ఆఖరి అంకెకు యాభై కలిపి అంతే తీసుకుంటుంది. నువ్వు రెండు వేలు వేస్తే నాకు రెండు వేల యాభైకి వచ్చేది. ఐదు వేల వంద వేసి ఉంటే నేను ఏ సెకన్‌లో పాడినా పెట్టె నీదే. ఆ ‘ఆర్’ రాఘవ అయినా, ఢిల్లీలో ఎవరో అయినా, మూడు వేల మూడు వందల యాభైకే పోయేది. నీ ఉచ్చులో ఎవరు పడ్డా బయటికి నా పేరే వచ్చేది. ఈసారి నిజంగా నేనే అయ్యాను, అది వేరే సంగతి.

సోనీ నాకిది నేర్పింది. ‘‘అమ్మా, నీ మనసుల ఎంతుందో గంత రాసి ఇడిసిపెట్టు. పదిసార్లు చూడకు’’ అంది. నీ మనసులో ఆ పెట్టెకు ఎంతుందో నాకు తెలియదు. మూడు వేల మూడు వందలు మాత్రం కాదు. ఉన్నది వేసి ఉంటే గెలిచేదానివేమో.

ఆఖరి సెకన్ల దాకా ఎందుకు ఆగానంటే చెబుతాను. నీ చీటీ తొలిరోజుల మాట, అప్పటికి ఎల్లేష్‌కు ఇంకా బదిలీ కాలేదు, యాకుత్‌పురా స్టేషన్‌లోనే ఉన్నాడు. మా నాన్న కళ్ల ఆపరేషన్‌కు ఆ నెల చీటీ నాకు కావాలి. మీ మేడ మీద గదికి నీకూ కావాలి. ఒకటోసారి అన్నావు. రెండోసారి అన్నావు. తర్వాత అందరి ముఖాలూ చూశావు. మాణిక్యమ్మ తల దించుకుంది. ఆగమ్మ కొంగు సర్దుకుంది. నా దగ్గరికొచ్చి నీ చూపు ఆగింది. నేను ఇంకా రెండు వందలు పోగలను. కానీ మా నాన్నకు జీతమిచ్చిన ఇంటి బిడ్డవు. నోరు రాలేదు. మూడోసారి అన్నావు. ఆపరేషన్ ఏడు నెలల తర్వాత అయింది, అప్పటికి ఒక కన్ను దక్కలేదు.

ఇన్నేళ్లలో ఒక్కరు కూడా అన్యాయమనలేదని రాశావు. ఎవరనాలి సూర్యమ్మా?

ఫోన్‌లో ముఖాలు లేవు. నువ్వొక అక్షరం, నేనొక అక్షరం. ముందే పాడితే నువ్వు రోజంతా చూస్తూ కూర్చుని నా మీద యాభై యాభై వేస్తావు. నీ ఓపిక నాకు తెలుసు. నువ్వు నా వైపు చూసే వ్యవధి లేకుండా పాడాను. పుట్టి బుద్ధెరిగాక నీతో సమానంగా నిలబడ్డది ఆ మూడు సార్లే.

గాజు పలకలు నాకెందుకంటావు. పెట్టెల మీద మీ నాన్న పేరుంది. మా నాన్న పేరు ఎక్కడా లేదు. ‘పెళ్లిళ్లు’ పెట్టెలో ఒక పెళ్లికూతురి చెంప నిండా అమ్మవారి మచ్చలు. మా నాన్న వాటిని ఒక్కొక్కటీ పెన్సిల్‌తో పూడ్చాడు. వెలుగుకు పెట్టి ఏటవాలుగా చూస్తే గీతలు కనపడతాయి. గంటసేపు అలా పట్టుకుని కూర్చున్నాను. అడిగితే ఇచ్చేదానివని తెలుసు. ‘మొగులయ్య బిడ్డకు నాలుగు పలకలిచ్చిన’ అని గల్లీలో చెప్పేదానివి కూడా. అందుకే అడగలేదు.

నీ ఉత్తరాలు చదువుతూ నిజం దాచడం నా తప్పు. నువ్వు అంకె రాసిన రోజే చెప్పాల్సింది. పాట పాడటం మాత్రం తప్పు కాదు.

రుక్మ


యాకుత్‌పురా,
ఆగస్టు 10.

రుక్మాబాయికి,

మిషన్ సంగతి స్రవ్యను అడిగాను. ‘‘అకౌంటు తెరిచిన్నాడే చెప్పిన గదమ్మా, నువ్వు విననే లేదు’’ అంది. నువ్వు చెప్పిందే నిజం. ఆ పెట్టెకు నా మనసులో ఉన్నది ఆరు వేలు.

చీటీ సంగతి మాత్రం ఒప్పుకోను. ఆ రోజు ఆపరేషన్ మాట ఒక్కటి చెప్పి ఉంటే వదిలేసేదాన్ని. చెప్పకుండా మనసులో పెట్టుకుని, ఇన్నేళ్లకు నాకు లెక్క చూపిస్తే నేనేం చేయను? ఆ ఏడాది చీటీ పుస్తకం తీసి చూశాను. ఆ నెల పాట నా పేరు మీదే ఉంది. నువ్వు పాడినట్టు కూడా రాసుకున్నాను. నీ ముఖం ఎలా ఉందో పుస్తకంలో ఉండదు కదా.

ఇంకో అనుమానం. ముప్ఫై ఆరు పలకలు నీ దగ్గరున్నాయి. అందులో మా అమ్మ ఉందా లేదా అన్నది నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. నువ్వు నాకన్నా ఐదేళ్లు పెద్ద. ఆమె ముఖం చూసి గుర్తుపట్టగలిగిన మనిషివి ఇప్పుడు నువ్వొక్కదానివే. దాస్తున్నావా?

నాలుగో పెట్టె పెట్టారు. ఈ నెల ఇరవై ఐదున ముగుస్తుంది. ఇదే ఆఖరిదట. దాని మీద నాన్న ‘ఇంటివి’ అని రాశాడు. నీ పాటలో తప్పు లేదంటున్నావు, సరే. ఈ ఒక్క పెట్టెకు మాత్రం పాడనని మాట ఇవ్వు.

సూర్యప్రభ


కాజీపేట,
ఆగస్టు 17.

సూర్యమ్మా,

ముప్ఫై ఆరూ చూశాను, ఒక్కోటి రెండేసిసార్లు. మీ అమ్మ లేదు. ఉంటే ఆ రోజే రైలెక్కి తెచ్చేదాన్ని. ఉత్తరంలో రాయకపోవడానికి కారణం, లేదని రాయడానికి చేయి రాలేదు.

‘ఇంటివి’ నీవే. నేను పాడను. మాట ఇస్తున్నాను.

రుక్మ


యాకుత్‌పురా,
ఆగస్టు 26.

రుక్మాబాయికి,

అభినందనలు.

నిన్న మధ్యాహ్నమే ఆరు వేలు ఒక్కసారిగా వేసి పెట్టాను, నువ్వు నేర్పినట్టే. నా పేరు పైన ఇంకెవరూ లేరు. మూడు యాభై ఆరుకు ఆరు వేల యాభై అని కనపడింది. ‘ఆర్’ కాదు. ఈసారి ‘కె’.

కాజీపేట ‘కె’. పేరు మార్చుకుంటే గుర్తుపట్టననుకున్నావా? పాత పేరుతో పాడనని మాటిచ్చి కొత్త పేరుతో వచ్చావు. ఎదురుగా గోడ మీద గడియారం, చేతిలో ఫోన్. ఇంకో మూడు వేలు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను. వేయలేదు. నీ మాటకున్న విలువ ఎంతో చూద్దామని ఫోన్ బోర్లించి కూర్చున్నాను.

‘‘ఏమాయెనే?’’ అని మా ఆయన అడిగారు.

‘‘అయిపోయింది’’ అన్నాను.

‘‘ఇంక నాలుగు నిమిషాలుంది గద?’’

ఫోన్ తిప్పలేదు.

మా అమ్మ నీ ఇంటికి చేరుతుంది. మంచం కింద పెట్టకు.

సూర్యప్రభ


కాజీపేట,
సెప్టెంబర్ 2.

సూర్యప్రభా,

ఆదివారం మూడింటికి ఫోన్ ఎల్లేష్ చేతికిచ్చి వరంగల్ మార్కెట్‌కు వెళ్లాను. ఇంట్లో ఉంటే నా చేయి ఊరుకుంటుందో లేదోనని నా మీద నాకే అనుమానం. ఐదింటి దాకా తిరిగి రాలేదు. ‘కె’ ఎవరో నాకు తెలియదు.

నువ్వు నమ్మడానికి రుజువులేమీ పంపను. ఎల్లేష్‌తో చెప్పించను, ఫోన్ పంపించి చూసుకోమనను. రుజువు అడుగుతూ ఉత్తరం రాస్తే దానికి జవాబు రాదు.

నాలుగు నిమిషాలున్నాయన్నావు. పాడి ఉండాల్సింది. నేనే అయినా సరే, నా మీద పాడి ఉండాల్సింది. ఆ పెట్టెలో ఉన్నది మీ అమ్మ.

రుక్మ


యాకుత్‌పురా,
సెప్టెంబర్ 12.

రుక్మక్కకు,

నీ ఉత్తరం పోయిన గురువారం వచ్చింది. చదివి, సైట్‌లో ఆ ‘కె’కు నా ఫోన్ నంబరుతో ఒక సందేశం పెట్టాను. రుజువు కోసం కాదని రాయాలని ఉంది. సగం అందుకే పెట్టాను. అది కూడా నీకు తెలియాలి.

సోమవారం ఫోన్ వచ్చింది. గుడిమల్కాపూర్‌లో కల్వరి ఫ్రేమ్ వర్క్స్ అని ఫోటోలకు కట్టు కట్టే కొట్టు, ఆ ‘కె’ కొట్టు పేరులోది. ఆయన పేరు సీమోను.

‘‘అన్నా, ఆ గాజు పలకలు ఏం చేస్తరు?’’ అని అడిగాను.

‘‘కడుగుతనమ్మా. వేడి నీళ్లల్ల సోడా ఏసి నానబెడితే నలుపంత ఊడొస్తది. పాత గాజు మస్తు సాఫుంటది, ఇప్పుడు ఎంత పెట్టినా దొరకది. పాత ఫోటోలకు గదే మంచిగ కూసుంటది. ఎందుకు?’’

కడిగారా అని అడిగాను.

‘‘రెండు కడిగిన. తతిమ్మవి బకెట్ల ఏద్దమనుకుంటున్న, మీ మెసేజ్ చూసిన. ఏమైంది?’’

మా అమ్మ అందులో ఉండొచ్చని చెప్పాను.

‘‘అయ్యో తల్లీ. ముందుగాల మెసేజ్ పెట్టకపోతివి? నేను పాటల ఉండకపోదును. నాలుగు నిమిషాలు ముందే ఏసిన, ఇంకెవలన్న కావాలంటే ఏసుకుంటరని. ఎవ్వలు ఏయలె. ఎవ్వలికి అక్కరలేదనుకున్న.’’

అక్కా, మూడోసారి అనే ముందు నేనిచ్చే వ్యవధి కన్నా ఆ మనిషి ఎక్కువ ఇచ్చాడు. ఆ నాలుగు నిమిషాలూ నేను నీ ముఖం ఊహించుకుంటూ కూర్చున్నాను.

ఆ సాయంత్రమే ఈయనా నేనూ ఆటోలో వెళ్లాం. సీమోను తను పెట్టిన సొమ్ము మాత్రమే తీసుకున్నాడు. ‘‘లాభం తీస్కుంట గని, ఇసొంటి దాంట్ల కాదు’’ అన్నాడు. కడిగిన రెండు గాజులూ బల్ల మీద నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద ఎవరున్నారని అడిగాను. ‘‘ఒకదాంట్ల ముసలాయన. ఇంకోదాంట్ల ఎవరో ఆడమనిషి, కూసోని ఉన్నది. నేను సరిగ చూడలేదమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాలె’’ అన్నాడు. ఆ రెండు గాజులు కూడా అడిగి తెచ్చుకున్నాను.

మిగిలిన పదింటిలో నలుగురు ఆడవాళ్లున్నారు. నెగెటివ్ కదా, ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా. స్రవ్య ఫోన్‌లో తిప్పి వెలుగులోకి తెచ్చింది. ఒకామె మా మేనత్త అని ముక్కుపుడకను బట్టి చెప్పగలను. మిగిలిన ముగ్గురూ నాకు తెలియరు. ముగ్గురినీ వరసగా పెట్టుకుని పొద్దంతా చూశాను. రక్తసంబంధం, చూడగానే తెలుస్తుందనుకున్నాను. తెలియలేదు. ఒకామె గడ్డం స్రవ్యలా ఉందని ఈయనన్నారు. ఇంకో ఆమె నుదురు నాలా ఉందని స్రవ్య అంది. రాఘవ కూడా వచ్చి చూశాడు. ‘‘నాకేం ఎరికక్కా, నేనప్పటికి పుట్టలె’’ అన్నాడు. ఈసారి వాడితో కూర్చుని చాయ్ తాగాను.

చీటీ సంగతి. నువ్వు నోరు తెరవలేకపోయావని నాకు ఆ రోజే తెలిసిందా అని నన్ను నేను అడుగుతున్నాను. పుస్తకంలో రాసి ఉన్నదేదీ దానికి జవాబు కాదు. నీ దగ్గర చూపు ఎందుకు ఆపాను? నువ్వొక్కదానివే ఇంకా పాడగలవని తెలుసు కాబట్టే ఆపాను. పోయిన శుక్రవారం చీటీలో ముఖాలు చూడలేదు. అందరికీ కాగితం ముక్కలిచ్చి ఎవరి అంకె వాళ్లను రాసి డబ్బాలో వేయమన్నాను. మాణిక్యమ్మ పాడింది. పదేళ్లలో మొదటిసారి.

ఆదివారం పొద్దుటి రైలుకు వస్తున్నాను. పదకొండింటికల్లా కాజీపేటలో దిగుతాను. పది పలకలూ పాత చీరలో చుట్టి, ఆ రెండు ఖాళీ గాజులూ విడిగా కాగితంలో పెట్టి తెస్తున్నాను. కిటికీ దగ్గర వెలుగుండే చోట కూర్చుందాం. మీ నాన్న పెన్సిల్ గీతలు వేటి మీద ఉన్నాయో కూడా నువ్వే చూపించు, అవి నీవి.

ఎలా గుర్తుపట్టావని అడగను. ఖచ్చితమేనా అని రెండోసారి అడగను. నువ్వు ఏ ముఖం చూపిస్తే ఆమే మా అమ్మ. వీళ్లలో ఎవరూ కాదంటే అదీ నమ్ముతాను.

నీ
సూర్య